రెక్క మీద పచ్చ

ఆదివారం పొద్దున టీ గ్లాసులు కడిగి బోర్లించాక ఆ ఇంట్లో మొదలయ్యే పని ఒకటే. కిటికీ పక్క బల్ల మీద పాత పేపరు పరుచుకుని, కళ్లజోడు తుడుచుకుని ఆయన కూర్చుంటాడు. ఆవిడ పక్కన పీట లాక్కుని సీసా మూతల్లో రంగులు కలుపుతుంది. ఆయన చెయ్యి చాచితే మూత అందాలి, అందకపోతే విసుక్కుంటాడు. విసుక్కోవడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

ఉద్యోగమంటూ ఆయన ఏనాడూ చెయ్యలేదు. మార్కెట్ వీధిలో గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చి టైము చెప్పే పని కూడా అవే చూసుకోవడంతో కొట్టు మూతపడింది. చేతులు మాత్రం ఊరుకోలేదు. అప్పట్నుంచి ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధ విమానాలూ ట్యాంకులూ చేయడం, శత్రువు కంటికి చిక్కకుండా సైన్యం వాళ్లు వేసే పచ్చా మట్టిరంగు మచ్చల్ని వాటి మీద దించడం మొదలుపెట్టాడు. ఊళ్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లందరూ ఎయిర్ బ్రష్‌తో పిచికారీ కొడతారు. ఆయనకు దాని పేరెత్తితేనే చులకన. మీట నొక్కితే ఎవడికైనా వస్తుందంటాడు. ఆయనది కుంచె, చిన్న స్పాంజి ముక్క, ఓపిక, అంతే.

ఆ రోజు బల్ల మీద ఉన్నది రెండు ఇంజన్ల బాంబరు విమానం. వేసవంతా దానితోనే సరిపోయింది. మధ్యాహ్నం, ఇలాంటి బొమ్మలు చేసే వాళ్ల సంఘం ఏటా పెట్టే ప్రదర్శన ఉంది. కుడి రెక్క చివర ఒక్క మచ్చ మిగిలింది.

"పచ్చ ఇలా ఇవ్వు," అన్నాడు తల ఎత్తకుండా.

ఆవిడ చెయ్యి రెండు మూతల మధ్య ఆగింది. "ఏమిటే, నిద్రపోయావా?" అన్నాక ఒక మూత అందించింది. ఆయన దాన్ని నీళ్లతో పాలలా పల్చన చేసుకుని, పెన్సిలు గీత దాటకుండా పూశాడు. ఆరాక మళ్లీ ఒక పూత, ఆ పైన ఇంకోటి. తర్వాత స్పాంజి ముక్కను పట్టకారుతో పట్టుకుని, రంగులో ముంచి, ముప్పావు వంతు కాగితానికి అద్దేసి, మిగిలిన తడితో మచ్చ అంచుల్ని తాకీ తాకనట్టు తట్టాడు. అలా చేస్తే అంచు మెత్తబడి, పిచికారీ కొట్టినట్టే ఉంటుంది. చేత్తో వేశానంటే సంఘంలో ఎవరూ నమ్మరు. ఆ నమ్మకపోవడం చూడ్డానికే ఆయన ఏటేటా వెళ్తాడు.

ఇందులో సంఘానికీ, కన్నకూతురికీ కూడా తెలియని సంగతి ఒకటుంది. ఆయనకు పచ్చా మట్టిరంగూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఎంతవరకు పూశాడో తడి మెరుపును బట్టి పోల్చుకుంటాడు, ఏ రంగు పూస్తున్నాడో భార్యను బట్టి. కుర్రతనంలో విమానం నడుపుతానని సైన్యం వాళ్ల పరీక్షకు వెళ్తే, చుక్కల బొమ్మలున్న పుస్తకం చూపించి అందులో అంకె చదవమన్నారు. ఆయనకు చుక్కలు తప్ప అంకె కనపడలేదు. ఇంటికొచ్చి, నాన్న వద్దన్నాడు కాబట్టి మానేశానని అందరికీ చెప్పుకున్నాడు. ఆ పెద్దాయన పోయినా ఆ నింద ఇంకా మోస్తూనే ఉన్నాడు. పెళ్లైన కొత్తలో పండిన టమాటాలు తెమ్మంటే సంచీడు పచ్చివి తెచ్చినప్పుడు ఆవిడకు సంగతి తెలిసిపోయింది. నవ్వింది, కానీ ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. ఆవిడ మాట ఇస్తే ఇచ్చినట్టే.

ఈ మధ్య ఆవిడ కొంచెం మారింది. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది. మోకాళ్ల నొప్పులని చెప్పి బజారుకు వెళ్లడం మానేసింది. వయసు మీద పడితే అంతేలే అనుకున్నాడు. పైగా పిలిచినప్పుడల్లా పక్కనే ఉంటోందని లోలోపల సంతోషించాడు కూడా. ఇల్లంతా ముభావంగా తిరిగే మనిషి ఈ బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం కూనిరాగం తీస్తుంది.

కూతురు అట్టపెట్టే, దూదీ పట్టుకుని వచ్చింది. పక్క పేటలోనే కాపురం. కట్టుడు పళ్లు చేసే ల్యాబులో, మనిషి మనిషికీ పంటి రంగు సరిపోల్చడం ఆమె పని. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో ఆమెను అడగాలి. విమానాన్ని పెట్టెలో సర్దబోయి, రెండు చేతులతో వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. అటూ ఇటూ తిప్పి రెండు రెక్కలూ చూసింది.

"నాన్నా, ఇది ఇలాగే ఉండాలా?"

 'ఇలాగే' అంటే ఎలాగో ఆయనకు తెలియదు. అడిగితే ఇన్నేళ్లుగా దాచింది కాస్తా బయటపడుతుంది. అందుకే కసిరాడు. ఆ దళం వాళ్ల విమానాలు అలాగే ఉంటాయి, నీకేం తెలుసన్నాడు. ఏ దళమని ఆమె అడిగితే, ఎడారి దళమన్నాడు.

"ఎడారిలో ఎడమ రెక్కకి పచ్చ మచ్చలుండి, కుడి రెక్క మొత్తం మట్టిరంగులో ఉంటుందా?"

ఉంటుందన్నాడు. ఎండ ఎక్కువ పడే వైపు అలా వేసేవాళ్లనీ, అప్పట్లో పచ్చరంగుకు కరువొచ్చిందనీ కూడా అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడే ఆయనకు వివరాలు బాగా తడతాయి. కూతురు వాదించలేదు. గోడ అలమారా దగ్గరికి వెళ్లి ఒక ట్యాంకూ, ఒక హెలికాప్టరూ తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. ట్యాంకుకు అసలు మచ్చలే లేవు, అంతా ఒకే మట్టిరంగంది. హెలికాప్టరు తోక ఇటుక ముక్కలా ఉందంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని ఆయన చెయ్యి పట్టుకుంది.

మూడేళ్లుగా చూస్తున్నానని చెప్పింది. మొదట ఏదో కొత్త పద్ధతి అనుకుందట. తర్వాత అర్థమైంది కానీ, ఆయన నొచ్చుకుంటాడని నోరు మెదపలేదట. ప్రదర్శనకు మాత్రం పాతవాటిలో బాగున్నదే ఏరి సర్దేదట. ఇప్పుడు అందరి ముందూ ఎవరో ఒకరు నవ్వితే ఆయన తట్టుకోలేడని చెబుతోందట. "నీ కళ్లు దెబ్బతింటున్నాయి నాన్నా. రేపు డాక్టరుకి చూపిద్దాం."

అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. అందుకు కావలసిందల్లా ఒక్క ముక్క. కానీ నవ్వుతారన్న మాట చెవిన పడగానే ఆయన ఒళ్లు మండింది. ఆ మంటంతా పక్కనున్న మనిషి మీదికి తిరిగింది.

"నేనడిగిందేమిటి, నువ్విచ్చిందేమిటి?" అన్నాడు భార్యతో. "నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలని ఎన్నాళ్లనుంచి చూస్తున్నావు?"

ఆవిడ తల దించుకుంది. ఒళ్లో ఉన్న గుడ్డతో, రంగేమీ లేని వేళ్లనే మళ్లీ మళ్లీ తుడుచుకుంటోంది.

"అమ్మనెందుకు అంటావు? వేసింది నువ్వు కదా," అంది కూతురు.

"ఇచ్చింది అది. నాకేం కనపడి చచ్చిందని?"

ఆ మాట నోరు జారాక వెనక్కి తీసుకోలేకపోయాడు. కూతురు చెయ్యి వదిలేసింది. ఆయన కిటికీ వైపు తిరిగి, ఎవరికో చెబుతున్నట్టు అంతా చెప్పుకొచ్చాడు. చుక్కల పుస్తకం, నాన్న మీద వేసిన నింద, టమాటాలు, మూతలు అన్నీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ కూతురు నవ్వుతుందేమో, లేకపోతే జాలి పడుతుందేమో అని భయపడ్డాడు. ఆమె ఆ రెండూ చెయ్యలేదు. ఆమె ఆయన్ను చూడటమే మానేసింది. తల్లి ముందు నేల మీద మోకాళ్లపై కూర్చుంది.

"అమ్మా, ఇందులో పచ్చ ఏది?"

ఆవిడ రెండు మూతల్నీ చూసింది. కూతుర్ని చూసింది. చాలా చిన్న గొంతుతో మాట్లాడింది.

"రంగు ఎదురుగానే ఉంటుందే. పేరే నోటికి రాదు. ఒక్కోసారి పేరు గుర్తుంటుంది, సీసా మూత తీసేసరికి ఆయన అడిగింది ఏదో మరిచిపోతాను. మళ్లీ అడిగితే కసురుతారు. అందుకని ఏదో ఒకటి ఇచ్చేస్తాను."

ఎన్నాళ్లనుంచని కూతురు అడిగితే తెలియదంది. బజారు మానేసింది మోకాళ్ల వల్ల కాదట. ఒకరోజు తిరిగొచ్చే సందు తెలియక, మందుల కొట్టు అరుగు మీద కూర్చుని ఏడ్చిందట. కొట్టువాడి భార్య తీసుకొచ్చి దిగబెట్టిందట. ఆ రోజు ఆయన ఈ బల్ల దగ్గరే కూర్చుని, ఇంత ఆలస్యం చేశావేమిటని తల ఎత్తకుండానే అడిగాడు. ఆ అడగడం ఆయనకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"మరి చెప్పలేదేమమ్మా? ఒక్క మాట చెప్పకపోయావా?"

"పాలు మాడితే వాసనొస్తుంది, నువ్వు అడుగుతావు. తలుపు వెయ్యకపోతే పక్కింటావిడ అడుగుతుంది. ఈ ఇంట్లో నేను తప్పు చేసినా ఎవరికీ తెలియని పని ఇదొక్కటేనే. మీ నాన్నకి కనపడదుగా. ఇక్కడ కూర్చుంటే నాకు భయముండదు."

 ఆ కూనిరాగం ఎందుకో ఆయనకు అప్పుడు తెలిసింది. తనను చూసుకోవడానికి కూర్చుందనుకున్నాడు, తనకు రంగులు కనపడవన్న ధైర్యంతో కూర్చుంది.

కూతురు లేచి నిలబడింది. ఆమె గొంతు పెద్దది కాలేదు, ఆ పెద్దది కాకపోవడమే ఆయనకు ఎక్కువ తగిలింది.

"నీకు రంగులు తెలియవని నాకు చెప్పి ఉంటే, ఈ ట్యాంకు చూసిన రోజే అడిగేదాన్ని నాన్నా. నీ సంగతి కాదు, అమ్మ సంగతి. మూడేళ్లు దీన్ని చూస్తూ, నాన్న పెద్దవాడైపోయాడులే అనుకుని ఊరుకున్నాను. అమ్మ మన చేతుల్లోంచి జారిపోతోందని నాకు తెలియలేదు. నీ గుట్టు దాచడానికి అమ్మ అడ్డం నిలబడింది. దాని వెనకాల అమ్మే కనపడకుండా పోయింది."

  పరువు పోతుందని ఆయన ఇన్నేళ్లు దాచాడు. ఆ పరువు ఇప్పుడు తీసి చూసుకుంటే పిడికెడు కూడా లేదు, దానికి చెల్లించిందేమో పక్కనున్న మనిషి. బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. ఆవిడే కంగారుపడి వీపు నిమిరింది. విమానం పాడైపోయిందా, మళ్లీ వేసుకుందాం లెండి అంది. తను ఎందుకు ఏడుస్తున్నాడో అప్పటికే ఆవిడ జ్ఞాపకం నుంచి జారిపోయిందని గ్రహించి ఆయన ఇంకా ఏడ్చాడు.

ప్రదర్శనకు ఎవరూ వెళ్లలేదు. సంఘం కార్యదర్శి ఫోను చేస్తే, నాకు రంగులు కనపడవండీ, అందుకే తీసుకురాలేదని చెప్పాడు. అవతలివాడు వేళాకోళమనుకుని నవ్వాడు. ఆయన ఫోను పెట్టేశాడు. ఆ నవ్వు ఇన్నేళ్లూ భయపడినంత పెద్దగా లేదు.

ఆసుపత్రికి వెళ్లేదాకా కూతురు ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడింది. అమ్మ మందులేం వాడుతోంది, రాత్రి నిద్రపోతోందా, అంతవరకే. ఆయన కూడా బతిమాలలేదు. తగిన శాస్తే అనుకున్నాడు.

డాక్టరు నెమ్మదైన మనిషి. ఇది ఏ నెల, ఇప్పుడు మనం ఎన్నో అంతస్తులో ఉన్నాం, వంద నుంచి ఏడు తీసేస్తే ఎంత అని అడుగుతూ పోయింది. ఆవిడ కొన్నిటికి చెప్పింది, కొన్నిటికి నవ్వేసింది.  ఈ మతిమరుపు జబ్బు ముందుకే వెళ్తుందనీ, వెనక్కి తేలేమనీ, కాస్త నెమ్మదించేలా మాత్రం చూడొచ్చనీ డాక్టరు అంతకుముందే స్కానింగు చూసి, బయట వరండాలో తండ్రీకూతుళ్లిద్దరికీ చెప్పింది. ముందే వచ్చి ఉంటే ఇంకొంత కాలం చేతిలో ఉండేదని కూడా చెప్పింది.

"ఆ కిటికీ తెర ఏ రంగమ్మా?"

ఆవిడ తెర వైపు చూసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఇంకోసారి చూసింది. తర్వాత సాయం కోసం, చిన్నపిల్లలా ఆయన వైపు తిరిగింది.

ఊహించి అందించొచ్చు. ఆసుపత్రి తెరలు ఏ రంగులో ఉంటాయో ఎక్కడో విన్నాడు. జన్మంతా అలా విని, ఊహించి నెట్టుకొచ్చినవాడే. కానీ ఈసారి ఆ ఊహ ఆవిడ జ్ఞాపకమని కాగితం మీదకు ఎక్కుతుంది. మళ్లీ ఒక గుట్టు అవుతుంది. కూతురు తన వంకే చూస్తోందని ఆయనకు తెలుసు.

"నాకు తెలియదు డాక్టరు గారూ," అన్నాడు. "పుట్టినప్పట్నుంచీ నాకు పచ్చకీ ఎరుపుకీ తేడా తెలియదు. ఏ రంగైనా నాకు ఈవిడే చెప్పాలి."

 ఆవిడ మొహం తేటపడింది. తన పని తనకు అప్పజెప్పినట్టు కుర్చీలో సర్దుకుని, ఆయన చెవి దగ్గరికి వంగి, బయటివాళ్లకు వినపడకూడదన్నట్టు మెల్లగా చెప్పింది.

"ఆకుపచ్చండీ."

డాక్టరు తెర వంక చూసి, తల వంచుకుని ఏదో రాసుకుంది. వెనక నుంచి కూతురు వచ్చి, ఒక చెయ్యి తల్లి భుజం మీద, ఒక చెయ్యి తండ్రి భుజం మీద వేసింది.  ఆవిడ చెప్పింది తప్పో ఒప్పో ఆయన ఎవరినీ అడగలేదు.

"ఆకుపచ్చే," అన్నాడు భార్య చెయ్యి పట్టుకుని.