చుక్కి దూకాల్సిన కొమ్మ

గోదారికి ఆ పెద్ద వరదొచ్చి లంకలన్నీ మునిగిపోయాయే, ఆ మరుసటి వేసవిలో జరిగిన సంగతి ఇది. వరద నీళ్లు నూజివీడు దాకా రాలేదు. వానలు మాత్రం వచ్చాయి. ఆ వానలు తాగిన మామిడిచెట్లు మరుసటి ఏడు విరగకాశాయి.

ఆ పొద్దున రాములు గుమ్మంలో కూర్చుని కాయలు కోసే చిక్కానికి తెగిన తాడు ముడేస్తున్నాడు. లోపల అచ్చమ్మ కూతురికి జడలు వేస్తోంది. మామూలు జడలు కావు. జుట్టులో ఇనుప తీగ పెట్టి అల్లితే రెండు జడలూ కొమ్ముల్లా పైకి నిలబడతాయి.

"కదలకే. కదిలితే జడ వాలిపోద్ది."

"తీగ గుచ్చుకుంటోందమ్మా."

"బొమ్మల్లో చుక్కి ఎప్పుడన్నా ఏడ్చిందా? నవ్వుతానే ఉంటది. నువ్వూ నవ్వాలి."

చుక్కిని ఎరగనివాళ్లు ఆ రోజుల్లో లేరు. హాల్లో అసలు సినిమా మొదలయ్యే ముందు ఆ గీతల బొమ్మలు వేసేవాళ్లు, ఏళ్ల తరబడి. తర్వాత టీవీలోనూ ఆదివారాలు వచ్చేవి. చుక్కి మామిడితోటలో ఉండే పిల్ల. కొమ్మ మీంచి కొమ్మకు దూకుతుంది. ప్రతి కథలోనూ ఒకసారి పట్టు తప్పి కింద పడుతుంది. పడగానే బంతిలా గుండ్రంగా అయిపోయి, మళ్లీ ఎగిరి కొమ్మ మీద కూర్చుంటుంది. హాలంతా గొల్లుమని నవ్వేది.

ఇప్పుడు ఆ బొమ్మలనే నిజం మనుషులతో సినిమా తీస్తామని మద్రాసు కంపెనీ ఒకటి వచ్చి, విస్సన్నపేట రోడ్డులో రాములు పనిచేసే తోటలోనే దిగింది. చుక్కి వేషానికి వాళ్లు తెచ్చుకున్న పిల్లకు మొదటి రోజే కాయ సొన తగిలి మొహమంతా పొక్కింది. అమ్మానాన్నా వెంటనే రైలెక్కించి తీసుకుపోయారు. దిక్కుతోచక నిలబడ్డ కంపెనీవాళ్లకు చెట్టు చివర కూర్చుని కాయ చీకుతున్న విజయరాణి కనబడింది. రాములు కూతురు. పదేళ్లు.

అప్పటినుంచీ అచ్చమ్మ కాళ్లు నేల మీద ఆనడం లేదు. రాములుకు అన్నం సయించడం లేదు.

నిన్న డైరెక్టరు ఆ కొమ్మను చూపించాడు. ఈ చెట్టు కొమ్మ మీంచి ఎదురుచెట్టు కొమ్మకు దూకాలి. మధ్యలో పట్టు తప్పాలి. కింద కొల్లేటివాళ్ల దగ్గర తెచ్చిన వల పట్టుకుంటారట. విన్నప్పటినుంచీ రాములుకు భయం పట్టుకుంది. కానీ ఆ భయాన్ని నోటితో చెప్పే వీల్లేదు.

చెట్లెక్కి కాయలు కోసేవాళ్లకు ఒక పట్టింపు ఉంది. చెట్టెక్కే మనిషి వింటుండగా 'పడతావు' అన్న మాట అనకూడదు. అంటే అదే జరుగుతుందని నమ్మకం. మిగతా ఇళ్లలో ఆ పట్టింపు చెట్టు దగ్గరే ఆగుతుంది. రాములు ఇంట్లో మాత్రం గడప లోపలికీ వచ్చింది. వాన పడిందని వాళ్లు అనరు, కురిసిందంటారు. చేతిలోంచి చెంబు జారినా 'కిందికి పోయింది' అంటారు. దానికి కారణం రాములు తమ్ముడు నరసింహులు. ఏళ్ల కిందట వాడు కొమ్మ చివరికి పాకుతుంటే, గంజి పట్టుకెళ్లిన తల్లి వెంకాయమ్మ కింద నుంచి "ఒరే, పడతావురా" అని కేకేసింది. వాడు పడ్డాడు. మళ్లీ లేవలేదు. ఆ రోజు నుంచి వెంకాయమ్మ తోట మొహం చూడలేదు. ఇంట్లో ఎవరూ వాడి పేరు కూడా ఎత్తలేదు.

"ఏమయ్యా," అంది అచ్చమ్మ జడకు రిబ్బను బిగిస్తూ. "ఊరంతా ఏదో ఒకటి అంటన్నారు. నువ్వు మాత్రం నోరు మెదపవేం?"

"ఏమనమంటావు?"

"బాగుందను. బాగాలేదను. మూడో తరగతితో బడి మానేస్తే మానేశావు, మాటలు కూడా అప్పుడే మానేశావా ఏంటి?"

"తీగ గట్టిగా చుట్టకు," అన్నాడు రాములు.

"ఇదిగో, ఇదీ ఈయన మాట! ఇన్నాళ్లూ నన్ను 'ఏయ్ గంపలమనిషీ' అని పిలిచేవాళ్లు. మొన్న బజార్లో కోమటాయన 'చుక్కి వాళ్లమ్మా, ఇట్టా కూర్చో' అన్నాడు. నాకు మర్యాద దొరికితే నీకు ఎందుకయ్యా అంత దిగులు?"

మూల నులకమంచం మీంచి వెంకాయమ్మ లేచి కూర్చుంది. "ఇవాళ వద్దులేవే పిల్లా," అంది.

"ఎందుకొద్దత్తా?"

"వద్దంటన్నా."

"ఎందుకో చెప్పు మరి."

ముసలామె పెదాలు కదిలాయి. కొడుకు వంక చూసింది. మళ్లీ పడుకుని గోడవైపు తిరిగింది.

విజయరాణి గుమ్మం దాటుతూ తండ్రి పక్కన ఆగింది. "నాన్నా, నువ్వు చెట్టు కిందే ఉంటావుగా?"

"ఉంటా."

పిల్ల ఇంకేదో అడగబోయింది. రాములూ ఇంకేదో చెప్పబోయాడు. అంతలో అచ్చమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని తోటవైపు లాక్కుపోయింది.

తోటలో తిరనాళ్లలా ఉంది జనం. కోతకొచ్చిన కూలీలు గంపలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. కెమెరా వెనక డైరెక్టరు చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద చుక్కి బొమ్మ. చేతులు రెక్కల్లా చాపి, నోరంతా తెరిచి నవ్వుతోంది.

"ఇదిగో పాపా, ఇలా నవ్వుతూ దూకాలి. బొమ్మలో చుక్కికి భయం ఉండదు. సరేనా?"

విజయరాణి తలూపింది. చెట్టెక్కింది. మగవాళ్లు కొందరు వల పట్టుకుని నిలబడ్డారు.

"వల కనబడుతోంది, కాస్త దించండి," అన్నాడు కెమెరా ఆయన.

దించారు.

"ఇంకా కనబడుతోంది. ఇంకాస్త."

వల మోకాళ్లదాకా వచ్చింది. తర్వాత పిక్కలదాకా వచ్చింది. రాములు ఆ వలనూ పైనున్న కూతురినీ మార్చి మార్చి చూశాడు. వల అలా నేలకు దిగుతుంటే, కొమ్మ ఇంకా ఇంకా పైకి పోతున్నట్టుగా అనిపించింది అతనికి. గొడుగు కింద నిలబడ్డ మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"అయ్యగారూ, వల మరీ కిందికి పోయిందండీ."

"కనబడితే హాల్లో నవ్వుతారయ్యా. చుక్కి కింద వలేంటి అంటారు! అయినా నీ కూతురు ఉడతలాంటిది కదా. ఆ మూలకెళ్లి నిలబడు, నీ నీడ పడుతోంది."

మేనేజరు నోట 'పడుతోంది' అన్న మాట వినగానే గంపల మీద కూర్చున్న ఆడవాళ్లు చటుక్కున చెవులు మూసుకున్నారు. అప్పుడే రాములు కంచెవైపు చూశాడు. వెంకాయమ్మ నిలబడి ఉంది. ఇన్నేళ్ల తర్వాత కర్ర ఊతంతో తోటదాకా వచ్చి, లోపలికి రాలేక కంచె పట్టుకుని నిలబడింది.

"రెడీయా పాపా?"

పైన విజయరాణి నవ్వింది. అచ్చం కాగితంలో ఉన్నట్టే నోరంతా తెరిచి నవ్వింది. అచ్చమ్మ మురిసిపోయి రెండు చేతులూ జోడించింది. రాములు మాత్రం కూతురి మొహం చూడలేదు, పాదాలు చూశాడు. ఎప్పుడూ కొమ్మ మీద కాళ్లు వేలాడేసి ఊపుకుంటూ కూర్చునే పిల్ల. ఇప్పుడు కాలివేళ్లు బెరడును కరుచుకుని ఉన్నాయి. నవ్వే మొహం కంపెనీవాళ్లది, ఆ కాళ్లు తన కూతురివి.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే? అన్నాక పిల్లకేమన్నా అయితే? అమ్మలాగా తనూ బతికినన్నాళ్లూ గోడవైపు తిరిగి పడుకోవాలి. అనకపోతే? పిల్ల మోకాళ్లు వంచింది. తండ్రివైపు ఒక్కసారి చూసింది.

"పడతావే!" అని అరిచాడు రాములు. "రాణీ, పడిపోతావే! దూకొద్దు!"

తోటంతా బిగుసుకుపోయింది. కూలీలు నోళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. "నీ నోట్లో మట్టి కొట్ట!" అంటూ అచ్చమ్మ అతని మీదికి పరిగెత్తింది. పైన విజయరాణి మొహం మీది నవ్వు చెదిరిపోయింది. ముందుకు వంగిన ఒళ్లు వెనక్కి తూలింది. కొమ్మ ఊగింది. పిల్ల రెండు చేతులతో కొమ్మను కావలించుకుని బోర్లా అతుక్కుపోయింది.

"నాన్నా, భయమేస్తాందీ!"

"నాకూ భయంగానే ఉందమ్మా. అట్టాగే ఉండు. వస్తన్నా."

రాములు చెట్టెక్కాడు. పంగ దాకా వెళ్లి ఆగాడు. ఆ కొమ్మ ఇద్దరిని మోయదు. చెయ్యి చాపాడు. పిల్ల వెనక్కి కొంచెం కొంచెం జరుగుతూ మధ్యలో ఆగిపోయింది. జడలోని తీగ ఒక రెమ్మకు చిక్కుకుంది.

"రావట్లేదు నాన్నా."

"చెయ్యి వదలమాకు. తలతోనే లాగు."

"నొప్పి."

"తెగితే తెగనీ. జుట్టు మళ్లీ వస్తది."

పిల్ల కళ్లు మూసుకుని లాగింది. జడ మొదట్లో కాస్త జుట్టు ఊడింది. రిబ్బనూ తీగా కొమ్మకే ఉండిపోయాయి. పిల్ల చీలమండ తండ్రి చేతికందింది. రాములు ఆ కాలిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, కిందికి దిగాక కూడా అతని వేళ్ల గుర్తులు ఎర్రగా కనబడ్డాయి.

డైరెక్టరు కాగితం నేలకేసి కొట్టాడు. మేనేజరు ఏదో కేకలు వేశాడు. రాములుకు వినబడలేదు. అచ్చమ్మ అతని గుండెల మీద పిడికిళ్లతో బాదుతోంది.

"ఆ మాట ఎట్టా అన్నావయ్యా? అన్నేళ్లు ఉగ్గబట్టుకుని, ఇవాళ కన్నకూతురి మీద ఎట్టా అన్నావు?"

"అనకపోతే దూకేది."

"దూకితే ఏం? వల ఉంది, నవ్వుతానే ఉంది..."

"నేను నవ్వలేదమ్మా," అంది విజయరాణి. "నవ్వమన్నారని నోరు తెరిచా. రాత్రి నుంచీ భయంగానే ఉంది. నాన్నేం అనట్లేదుగా, ఏం కాదేమోలే అనుకున్నా."

అచ్చమ్మ చేతులు ఆగిపోయాయి. కూతురి తలలో నెత్తురు చిమ్మిన చోటు చూసింది. కొంగు అక్కడ అద్ది, పిల్లను దగ్గరికి లాక్కుని, "నేనే అల్లానే ఆ తీగ... నేనే," అంటూ ఏడ్చేసింది.

కర్ర చప్పుడు వినబడింది. వెంకాయమ్మ కంచె దాటి, ఎండుటాకుల మీదుగా నడిచి వస్తోంది. మనవరాలి పాదాలు, మోకాళ్లు, చేతులు తడిమి చూసింది. తర్వాత కొడుకువైపు తిరిగింది.

"ఆ మాట అన్నావు నువ్వు."

"అన్నానమ్మా."

"పిల్ల దిగింది."

"దిగింది."

ముసలామె కర్ర పక్కన పెట్టి ఆకుల్లోనే కూలబడింది. "మరి నా నరసింహుల్ని... అయితే నా నోరు కాదేమోరా?"

ఆ పేరు విని ఎన్నేళ్లయిందో. రాములు తల్లి ఎదురుగా కూర్చున్నాడు. "నీ నోరు కాదమ్మా. ఆ పూట నేను పక్క చెట్టు మీద ఉన్నా. ముందు కొమ్మ పటుక్కుమంది. నువ్వు ఆ తర్వాతే అరిచావు. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది."

వెంకాయమ్మ కొడుకు గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా?"

"ఆ సంగతి ఎత్తకూడదు కదా అని."

"పిచ్చినాయనా," అంది ఆమె. అని, కొడుకు చొక్కా పట్టుకుని, నరసింహులు పోయిన నాడు రాని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు వినలేక కూలీలు ఒక్కొక్కరే లేచి దూరంగా వెళ్లారు. రాములు తల్లి వీపు మీద చెయ్యి వేశాడు. తన నోటి పొదుపు ఆవిడ ఆయుష్షును ఎంత తినేసిందో అప్పుడు అర్థమైంది అతనికి.

సాయంత్రం మేనేజరు ఇంటికొచ్చాడు. అచ్చమ్మ కూతురి తలకు కొబ్బరినూనె రాస్తోంది. తల ఎత్తకుండానే, "మా పిల్ల రాదండీ. చుక్కి వాళ్లమ్మనని ఇంకెవర్నన్నా పిలుచుకోండి," అంది.

"అది కాదమ్మా," అన్నాడు ఆయన నీరసంగా. "దూకేదానికి గడ్డిబొమ్మ కుడుతున్నాం. నేల మీద నడిచేవీ, మాట్లాడేవీ మాత్రం పాప చేస్తే చాలు. కాకపోతే ఆ బొమ్మను పట్టుకుని చెట్టెక్కి, చెప్పినప్పుడు వదిలే మనిషి కావాలి. ఇవాళ్టి తర్వాత మీ కూలీలెవరూ ఆ కొమ్మ దగ్గరికి రామంటున్నారు."

అచ్చమ్మ మొగుడి వంక చూసింది.

"నాకు భయమే," అన్నాడు రాములు ఆమెతో. అట్లా చెప్పడం అదే మొదలు. "అయినా పని పాడు చేసింది నేను. నేనెక్కుతా."

"చూసుకుని ఎక్కు," అంది అచ్చమ్మ మెల్లగా. "ఆ కొమ్మ మంచిది కాదు. పడతావు."

మర్నాడు పొద్దున్నే రాములు చెట్టెక్కాడు. గడ్డిబొమ్మకు విజయరాణి గౌనే తొడిగారు. రెండు జడలు కుట్టారు. పంగలో నిలబడి, బొమ్మను రెండు చేతులతో కొమ్మ అవతలికి చాపాడు. కింద కెమెరా తిరుగుతోంది. "వదులు!" అని డైరెక్టరు అరిచాడు. రాములు వదల్లేదు. "వదులయ్యా, గడ్డే కదా!" అని మళ్లీ అరిచాడు. కింద విజయరాణి నవ్వుతోంది, నిజం నవ్వే. అయినా రాములు వేళ్లు విడిపోలేదు. తర్వాత బొమ్మను వెనక్కి లాక్కుని, తువ్వాలుతో వీపుకు కట్టుకుని, ఒక్కో కొమ్మా చూసుకుంటూ కిందికి దిగి, చెట్టు కింద చేతులు చాపి నిలబడ్డ తల్లి వెంకాయమ్మకు అందించాడు.