సూదుల అయస్కాంతం

నేను బట్టలు కుడతాను. నేల మీద పడ్డ సూదులు ఏరుకోవడానికి నా దగ్గర ఒక అయస్కాంతం ఉంది. మా ఆయన వీపు కూడా దాంతోనే చూసేదాన్ని.

యుద్ధంలో పేలిన బాంబు ముక్కలు ఆయన వీపులో ఉండిపోయాయి. అన్నీ ఒకేసారి తీస్తే మనిషి దక్కడని, పైకి వచ్చినవి వచ్చినట్టు తీసుకోమని డాక్టరు చెప్పాడు. పదేళ్లుగా అవి ఒక్కొక్కటే చర్మం దాకా తేలుతున్నాయి. అయస్కాంతం దగ్గర పెడితే ఆ చోట చర్మం సన్నగా లేస్తుంది. సూదితో గీరి, పట్టకారుతో లాగి గిన్నెలో వేస్తే ఠంగుమంటుంది. ముక్క వచ్చిన రోజు ఆయన కాస్త నిద్రపోయేవాడు. లేకపోతే వీపు గోడకు ఆనించి కూర్చునే తెల్లవార్చేవాడు. గోడ పడిపోతుందని కాపలా కాస్తున్నారా అని విసుక్కునేదాన్ని. ముక్కలన్నీ వచ్చేస్తే నా మనిషి నాకు దక్కుతాడని ఒకటే ఆశ.

ఆ పేలుడులో ఆయన వెనక నడుస్తున్న స్నేహితుడు పోయాడు. ఎప్పుడూ మా ఆయన్ని అంటిపెట్టుకుని తిరుగుతాడని అందరూ అతన్ని తోక అనేవారు. ఫోన్ లాక్కుని మరీ నాతో మాట్లాడేవాడు. "అన్నకేం కాదు వదినా, నేను వెనకే ఉన్నాగా" అనేవాడు. ఇంటికి పంపడానికి కూడా అతనిది పెద్దగా ఏమీ దొరకలేదట.

ఈ ఏడు వానలు మొదలైనప్పుడు వచ్చిన ముక్క గిన్నెలో ఠంగుమనలేదు. తెల్లగా ఉంది. అయస్కాంతానికి అంటుకోలేదు. డాక్టరు పరీక్ష చేయించి, ఎముకేనని, కానీ మా ఆయనది కాదని చెప్పాడు. పేలుళ్లలో పక్కనున్నవాళ్ల ఎముకలు ఇలా దిగబడుతుంటాయట. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"తోకగాడు" అన్నాడు.

ఆ తర్వాత వచ్చినవన్నీ తెల్లవే. అవి వచ్చేకొద్దీ మనిషి చిక్కి సగమయ్యాడు. ఇక తియ్యొద్దని, వాడు బయటికొస్తే తనకు చోటుండదని నన్ను బతిమాలాడు. పిచ్చి మాటలని కొట్టిపారేశాను. ఇంకొక్కటి తీస్తే పీడ విరగడవుతుందనే నా మొండితనం.

నిన్న సాయంత్రం వాన. కరెంటు పోయింది. ఆయన్ని మంచం మీద బోర్లా పడుకోబెట్టి కొవ్వొత్తి వెలిగించాను. భుజాల మధ్య చర్మం లేచింది. అయస్కాంతం ఇంకా కుట్టు మిషను మీదే ఉంది...

పట్టకారుతో పట్టి లాగాను. రాలేదు. గదిలో మందుగుండు కాలినట్టు వాసన. మళ్లీ లాగాను... లోపలి నుంచి ఎవరో లాగారు.

"వదిలెయ్..." అన్నాడు మా ఆయన.

వదల్లేదు. రెండు చేతులా పట్టి పీకాను.

వచ్చేసింది. రక్తం చుక్క కూడా రాలేదు. బిగుసుకుపోయిన ఒళ్లు ఒక్కసారిగా వదులైంది. ఊపిరి ఆడుతోంది. హమ్మయ్య అనుకుని, నొప్పి తగ్గిందా అని అడిగాను.

దిండులోంచి నవ్వు వినిపించింది. ఈ పదేళ్లలో ఆయన నవ్వింది లేదు.

"తగ్గింది వదినా..."

పట్టకారు జారి కింద పడింది. ఆయనేడని అడగబోయాను. ఇంకా నోరు తెరవలేదు. అయినా జవాబు వచ్చింది.

"అన్న ఎక్కడికీ పోలేదు... వెనకే ఉన్నాడు."

తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. నా వీపు మీద, చెయ్యి అందని చోట, ఏదో సన్నగా గుచ్చుకుంది. మిషను మీది అయస్కాంతం తనంతట తానే మెల్లగా నా వైపు జరుగుతోంది...