ముందే చూసిన ఎపిసోడ్

"ఇవాళ ఒక్కసారి కూడా అడగలేదేంది?" ఫోన్ స్పీకర్‌లోంచి అంది నైనిక.

"ఏమడగాలి?" అన్నాడు కౌశిక్.

"ఈ ముసలాయన ఎవరు, ఆ పిల్ల ఇంతకుముందు వచ్చిందా అని. బొమ్మల మొఖాలన్నీ ఒక్కతీరుగనే ఉంటయని నా ప్రాణం తీస్తవు గదా!"

టీవీ మీద పేర్లు పడుతున్నాయి. కౌశిక్ కిటికీ వైపు చూశాడు. ఇక్కడ టెక్సాస్‌లో, కాపెల్‌లో వాన. అద్దం మీద చినుకులు ఒకదాన్నొకటి తరుముకుంటూ జారుతున్నాయి. అక్కడ అరిజోనాలో, చాండ్లర్‌లో ఆమె కిటికీ బయట ఎండ మండిపోతూ ఉంటుంది.

పక్క ఊరు ప్లేనోలో, ఇద్దరికీ స్నేహితురాలైన శ్రీవిద్య గృహప్రవేశంలో మొదలైంది ఈ గొడవ. పులిహోర దగ్గర నిలబడి, పెద్దవాళ్ళు యానిమేషన్ బొమ్మల కథలు చూడటమేంటండీ అన్నాడు కౌశిక్. నైనిక ప్లేటు పక్కన పెట్టి మరీ పోట్లాడింది. "ఒక సిరీస్ ఉంది, నేను మొదటి ఎపిసోడే చూసిన. మిగిలినవి కలిసి చూద్దాం, అప్పుడు మాట్లాడండి," అంది. మర్నాడు ఆమె చాండ్లర్ వెళ్ళిపోయింది. అప్పటినుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని, ఒకేసారి ప్లే నొక్కి, ఎవరింట్లో వాళ్ళు చూస్తారు. అండీలు ఎప్పుడు పోయాయో ఇద్దరికీ తెలియదు.

బుర్రలోంచి జ్ఞాపకాలు తీయించుకునే మనుషుల ఊరి కథ అది. పిల్లలు చూసేది కాదు. ఈ ఆఖరి ఎపిసోడ్‌లో, చనిపోయిన భార్య జ్ఞాపకాన్ని తీయించుకున్న ముసలాయన పొద్దున్నే లేచి రెండు కప్పుల్లో టీ పోస్తాడు. రెండోది ఎవరికో తెలియదు. పారబోయడానికి చెయ్యి రాదు. చల్లారేదాకా అలాగే నిలబడతాడు.

అక్కడే నైనిక ఏడ్చింది. వినపడకుండా ఏడవాలని చూసింది గాని, ముక్కు ఎగబీల్చిన చప్పుడు దాగలేదు. అప్పుడు కౌశిక్ టీవీ వైపు చూడటం లేదు. ఫోన్ వైపు చూస్తున్నాడు.

"ముందే చూసినవు," అంది నైనిక. "నిజం చెప్పు."

"నిన్న చూశాను."

"చీటింగ్! ఒక్కరోజు ఆగలేకపోయినవా?"

"ఆగలేక కాదు."

"మరి?"

వాన పెద్దదైంది. సిగ్నల్ పోయిందని తప్పించుకోవచ్చు.

"టీవీ చూస్తుంటే నిన్ను వినడం కుదరట్లేదు నైనికా. ఇదే లాస్ట్ ఎపిసోడ్. వచ్చే వారం నుంచి నీకు ఫోన్ చేయడానికి నా దగ్గర రీజన్ లేదు. అందుకే కథ నిన్ననే చూసేశాను. ఇవాళ నిన్నే వింటూ కూర్చున్నా. నువ్వు ఎక్కడ నవ్వుతావో, ఎక్కడ..."

అటునుంచి ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కోపమొచ్చిందా?"

"రాలే. ఒకటి చెప్తా, నవ్వొద్దు."

"చెప్పు."

"ఈ సిరీస్ మొత్తం నేను ఎప్పుడో చూసిన. నిన్ను కలవకముందే."

కౌశిక్ సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. "మొదటిదే చూశానన్నావుగా! పైగా నన్ను చీటింగ్ అని..."

"ముందే ఎందుకు చూసినవో నీ నోటితోని చెప్పించాలె గదా! నువ్వు ఊరికే చెప్పే రకమా?"

అతనికి నవ్వు వచ్చింది. సగంలోనే ఆగింది.

"మరి తెలిసిన కథకి ఏడ్చావెందుకు?"

ఆమె గొంతు చిన్నదైంది.

"టీ కప్పులు చూసి ఏడుస్తనా? ఇంక పది నిమిషాలే ఉన్నయని ఏడ్చిన."

కౌశిక్ వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. వీధంతా నీళ్ళు. ఇన్ని వారాలు ఆమె గొంతు ఈ గదిలో ఉంది, ఆమె లేదు.

"వచ్చే శనివారం మీ ఫీనిక్స్‌కి ఫ్లైట్ బుక్ చేయనా?"

"శనివారమా?" అంది నైనిక. "రేపు ఆదివారం ఏం పని నీకు?"