మౌనగ్రాహి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు మనుషులు, ఒక యంత్రం. మంచం మీద మద్దిలేటి, కుర్చీలో విదేశీ కంపెనీ శాస్త్రవేత్త యోహాన్, చేట ముందేసుకుని శనక్కాయలు ఒలుస్తున్న మద్దిలేటి అక్క లింగమ్మ, గోడవారగా అతని కూతురు సుంకులమ్మ. స్టూలు మీద చింతగింజంత కన్నుతో మౌనగ్రాహి.

అది 2079. మాట పెదవి దాటకపోయినా గొంతు కండరాలు సన్నగా కదులుతాయి. ఆ కదలికను చదివి, మనిషి మింగేసిన మాటను మౌనగ్రాహి పైకి పలుకుతుంది. దానికి చదువు చెప్పడానికే కంపెనీ ఊరి పక్కన పరిశోధన కేంద్రం కట్టి, ఉద్యోగాలిస్తామంది. యంత్రం ముందు నోరు మెదపకుండా కూర్చోవడమే ఉద్యోగం. మనుషుల్ని కుదిర్చే మేస్త్రీ మద్దిలేటి. ఆ ఉద్యోగాలను నమ్మి పొలాలు కౌలుకిచ్చేసిన జనం సంతకాల కోసం అతని వాకిట్లో కాచుకుని ఉన్నారు. మొదటి సంతకం సుంకులమ్మ పెట్టాలి.

"నీ మౌనం మిక్కిలి శ్రేష్ఠమైనది. సమ్మతమేనా?" అన్నాడు యోహాన్, నేర్చుకున్న తెలుగులో.

ఆమె తల వంచుకుంది.

"దాన్నేం అడుగుతావు సారూ! మౌనం అర్ధాంగీకారం," అన్నాడు మద్దిలేటి.

"తక్కిన సగం నువ్వు ఒప్పుకుంటాండావు గదరా," అని లింగమ్మ నవ్వింది.

అప్పుడు మౌనగ్రాహి పలికింది. "సుంకులమ్మ మాట: ఇది అంతా నేర్చుకున్నాక మా పనులేమైతాయి?"

యోహాన్ కాగితాలు సర్దుకున్నాడు. కన్ను అతని వైపు తిరిగింది.

"యోహాన్ మాట: ఆరు నెలల్లో కేంద్రం మూసేస్తాం."

లింగమ్మ చేయి ఆగిపోయింది. "ఏందిరా ఇది, మద్దిలేటీ?"

కన్ను మద్దిలేటి వైపు తిరిగింది. యంత్రం అతన్నీ వదల్లేదు.

"మద్దిలేటి మాట: నాకు ముందే తెలుసు. చెప్తే ఎవురొస్తారు?"

మద్దిలేటి ఒక్క ఉదుటున లేచి మీట నొక్కాడు. యంత్రం మూగబోయింది.

"సెన్సర్ చెడినది," అన్నాడు యోహాన్.

"అవును సారూ, చెడింది," అన్నాడు మద్దిలేటి.

ఎదుటివాళ్ళ కడుపులో మాట లాగినంతసేపూ అది గొప్ప యంత్రమే.

సుంకులమ్మ లేచింది. "దాని నోరు నొక్కితివి నాయినా. నా నోరెట్ల నొక్కుతావు?"

ఇంట్లో ఎన్నడూ పైకి లేవని ఆ గొంతు ఎవరిదోనని లింగమ్మ చుట్టూ చూసింది.

"గడప దాటితివంటే మళ్ళా ఈ ఇంట్లో అడుగు పెట్టగాకు!" అని గద్దించాడు మద్దిలేటి.

ఆమె దాటింది. వాకిట్లో జనమంతా ఇటు తిరిగారు. "సంతకాలు పెట్టగాకండి! ఆరు నెలలే ఈ పని! మా నాయినకు ముందే తెలుసు!" అని అరిచింది.

ఆ గొంతు లోపలికి వినబడకుండా మద్దిలేటి తలుపు మూసేశాడు.