తోక ఉన్న హెడ్‌సెట్

“ఉప్పు సోయాపాలు. మిరపనూనె వద్దు.”

“మిరపనూనె లేకపోతే అవి పాలేనా?”

కోడ్ సరిపోయింది. ఏజెంట్ లో హ్వేజూ ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుంది. ఎదురుగా బ్యూరో డైరెక్టర్ షియే గుడ్డురొట్టెను చాప్‌స్టిక్స్‌తో చీలుస్తున్నాడు. కావోషుంగ్ రేవు పక్కన టిఫిన్ కొట్టు అది. ఆ గోలలో ఎంత రహస్యం చెప్పుకున్నా పక్క బల్లకు వినపడదు.

“మొన్న శత్రువుల ‘కటిల్‌ఫిష్’ గూఢచారి ముఠా మనిషి ఒకడు దొరికాడు.”

“నోరు విప్పాడా?”

“ఒక్క ముక్క. మ్యాప్ కోసం మేం రానక్కర్లేదు, అదే మా దగ్గరికి వస్తుంది అన్నాడు.”

ఆ మ్యాప్‌లో ఉన్నవి తమ దేశపు గస్తీ పడవలు దాక్కునే చోట్లు. ఒక పడవ మీద హ్వేజూ తమ్ముడు ఆజే ఉన్నాడు. మ్యాప్ శత్రువు చేతికి చిక్కితే ఆ పడవలు తెల్లారేసరికి సముద్రం అడుగున ఉంటాయి.

“ఇవాళ నేవీ హాల్లో అడ్మిరల్ గారికి ఆ మ్యాప్‌ని వీఆర్ హెడ్‌సెట్‌లో చూపిస్తున్నాం. అది హాలు దాటకూడదు. అదే నీ మిషన్.”

“అయితే హెడ్‌సెట్‌కి వైరు పెట్టించండి సార్. బొమ్మ కంప్యూటర్లోంచి తిన్నగా కంటికి వెళ్తుంది. గాల్లోకి వదిలితే దారిన పోయేవాడు పట్టుకుంటాడు.”

“మళ్లీ మొదలెట్టావా? రిహార్సల్లో అడ్మిరల్ గారి కాళ్లకు వైరు చుట్టుకుంది, నా పరువు పోయింది. వైర్‌లెస్ ఇప్పుడు వైరుతో సమానం. పైగా అంతా కోడ్‌లో పోతుంది. రిపోర్టు ఉంది.”

“ఆ రిపోర్టు రాసినవాడి తమ్ముడు పడవ మీద ఉన్నాడా?”

“ఏజెంట్ లో! ఇది ఆర్డర్. హాల్లో వైరు కనపడిందా, నీ ఉద్యోగం ఊడుతుంది.”

“చిత్తం,” అంది హ్వేజూ. అందులో వినయం ఆవగింజంత కూడా లేదు.

ఆమె టెక్నీషియన్ వేషంలో హాల్లోకి వెళ్లింది. నీలం చొక్కా, మందపాటి కళ్లద్దాలు. చొక్కా కింద పొట్ట చుట్టూ పదిహేను మీటర్ల కేబుల్. బ్యూరో ఇచ్చిన గాడ్జెట్లన్నీ డ్రాయర్లో పడేసి, ఇది బజారుకెళ్లి తనే కొనుక్కుంది.

“కొత్తమ్మాయివా?” హెడ్‌సెట్ కంపెనీ సేల్స్ డైరెక్టర్ వివియన్ కో ఎర్రసిల్కు గౌనులో ఎదురొచ్చింది. విదేశాల్లో పెరిగిన మనిషి. ఆమె నవ్వితే సెక్యూరిటీ వాళ్లు ఐడీ కార్డు అడగడం మరిచిపోయేవారు. “తోకలున్న హెడ్‌సెట్ల కాలం పోయింది అక్కా. ఇది పెట్టుకో, పిట్టలా తిరుగు.”

హ్వేజూ పెట్టుకుంది. కళ్ల ముందు సముద్రం. తల తిప్పింది. సముద్రం కూడా తిరిగింది, కానీ రవ్వంత వెనకబడి. కడుపులో తిప్పినట్టయింది.

ఘాట్ రోడ్డెక్కితే వాంతి చేసుకునే మనిషి అని బ్యూరోలో అందరూ ఆమెను ఏడిపిస్తారు. వైరు ఉంటే బొమ్మ ఆలస్యమే కాదు. మంచి వైర్‌లెస్‌లో ఆలస్యం ఉన్నా మనిషికి తెలియదు. మొన్న బ్యూరోలో ఇదే వైర్‌లెస్‌ని పెట్టి చూసినప్పుడు ఆమె కడుపు నిశ్చింతగా ఉంది. మరి ఇవాళేమైంది?

“సిగ్నల్ మీటరు ఏమంటోంది ఆహోంగ్?”

“అంతా బ్రహ్మాండం అంటోందక్కా,” అన్నాడు బ్యూరో ఇంజనీరు ఆహోంగ్. “పొద్దున్నే ఏం తిన్నావేంటి?”

“నా కడుపు అబద్ధం చెప్పదు. బొమ్మ తిన్నగా రావడం లేదు. మధ్యలో ఎవడో పట్టుకుని, చూసుకుని, మళ్లీ వదులుతున్నాడు.”

“హాలంతా మూడుసార్లు గాలించారు కదా!”

నిజమే. ప్రతి మరా విప్పి చూశారు. ఒక్కదాన్ని తప్ప. కంప్యూటర్ నెత్తిన ఆకుపచ్చ రంగు మొక్కజొన్న చిరుతిళ్ల ప్యాకెట్ ఉంది. అది ఉంటేనే మెషీన్ మాట వింటుంది. ఆకుపచ్చదే పెట్టాలి, విప్పకూడదు, కదపకూడదు. ఈ దేశంలో బ్యాంకులో అయినా ఆసుపత్రిలో అయినా ఇదే రివాజు. సోదా చేసినవాళ్లు దానికి దణ్ణం పెట్టి పక్కకు పోయారు.

హ్వేజూ వంగి అడుగున తేదీ చూసింది. గడువు పోయిన నెలతోనే ముగిసింది.

“ఇది నువ్వు పెట్టిందేనా?”

“ఛీ, పాతది పెడతానా! మెషీన్‌కి కోపమొస్తే? నాది తీసి వివియన్ మేడమే పెట్టారు. ఎంత భక్తో అనుకున్నా...”

లైట్లు తగ్గాయి. అడ్మిరల్ హెడ్‌సెట్ తగిలించుకున్నాడు. వేదిక మీద వివియన్ రిమోట్ ఎత్తింది. “ఇప్పుడు అసలైన మ్యాప్. మూడు...”

హ్వేజూ ప్యాకెట్ చింపింది.

“అక్కా, పాపం!” ఆహోంగ్ గావుకేక పెట్టాడు. లోపల చిరుతిండి లేదు. మిణుకుమంటున్న నల్లటి పెట్టె ఉంది.

“రెండు...”

ఇదొక్కటేనా, ఇంకెన్ని దాచారో! వెతికే వ్యవధి లేదు. హ్వేజూ కంప్యూటర్ వెనకున్న వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌ను ఊడబెరికింది. చొక్కా కిందనుంచి కేబుల్ లాగి ఒక కొస కంప్యూటర్‌కి, రెండో కొస అడ్మిరల్ తలమీది హెడ్‌సెట్‌కి తగిలించింది.

“హ్వేజూ! నీ ఉద్యోగం...” డైరెక్టర్ అరిచాడు.

“ఊడనివ్వండి! వైరు మాత్రం ఊడదు!”

“ఒకటి!” వివియన్ మీట నొక్కింది. మ్యాప్ తెరుచుకుంది, అడ్మిరల్ కళ్ల ముందు మాత్రమే. నల్లపెట్టె దీపం ఆరిపోయింది.

వివియన్ చేతిలోకి చిన్న పిస్తోలు వచ్చింది. “ఆ వైరు తియ్యి.”

“తియ్యను. కాల్చుకో.” హ్వేజూ ప్లగ్గుకు అడ్డంగా నిలబడింది. అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ క్షణం చాలింది, వెనకనుంచి గార్డులు వివియన్‌ని ఒడిసిపట్టారు.

“రంగు సరిగ్గానే పెట్టాను కదా!” వివియన్ పళ్లు కొరికింది.

“పెట్టావు తల్లీ. తేదీ సంగతి మీ ట్రైనింగ్‌లో చెప్పలేదు కాబోలు.”

“అరె, ఇప్పుడు భలేగా ఉందే! తల తిరగడం లేదు,” అన్నాడు అడ్మిరల్. పాపం, ఆయనకు ఇంకేమీ తెలియదు.

డైరెక్టర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “ఆర్డర్ ధిక్కరించావు.”

“ధిక్కరించాను. రేపూ ధిక్కరిస్తాను. రాసుకోండి సార్.”

ఆయన రాసుకోలేదు. కేబుల్ చుట్ట చుట్టడానికి సాయం పట్టాడు.

సాయంత్రం తమ్ముడి మెసేజ్ వచ్చింది. “అక్కా, మా రేవులో వైఫై తీసేసి, మొత్తం పాతకాలం వైర్లు లాగారు. అడుగేస్తే కాలికి తగులుతున్నాయి. కత్తిరించి పారేద్దామా అనిపిస్తోంది.”

హ్వేజూ కళ్లు తుడుచుకుని టైప్ చేసింది: “చెయ్యి వేశావంటే నేనే వచ్చి నీ పడవ ముంచుతాను.”