ఈరీ నోలన్‌కి పిట్స్‌బర్గ్

ఆదివారం పొద్దున్న డోరీన్ వంటింట్లో పాన్‌కేకులు వేస్తోంది. ఆమె భర్త వెర్నన్ గ్యారేజీలో ఉన్నాడు. గడ్డి కోసే యంత్రం బాగు చేస్తానని వెళ్ళాడు. మంచు కరిగిన దగ్గర్నుంచీ ఆ యంత్రం బాగుపడుతూనే ఉంది.

నిజానికి ఆయన దాని పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, ఫోన్లో వెండెల్‌ని చూస్తున్నాడు. వెండెల్‌కి టొలీడోలో కార్డుల కొట్టు ఉంది. ఆటగాళ్ళ బొమ్మలుండే బేస్‌బాల్ కార్డుల పెద్ద పెట్టె సీలుతో సహా ఒక్కడే కొనాలంటే ఇల్లు గుల్లవుతుంది. అందుకని ముప్ఫైమంది కలిసి వాటాలు వేసుకుంటారు. ఒక్కొక్కరిది ఒక్కో జట్టు. ఆదివారం పొద్దున్న వెండెల్ కెమెరా ముందు ఆ పెట్టె కోసి, ప్యాకెట్లు ఒక్కొక్కటే చించుతాడు. ఏ జట్టు ఆటగాడి కార్డు వస్తే ఆ వాటాదారు పేరు గట్టిగా పిలిచి పక్కన పెడతాడు. దీన్నే వాళ్ళు బ్రేక్ అంటారు.

"పిట్స్‌బర్గ్! మన ఈరీ నోలన్‌కి!" అని వెండెల్ అరిచాడు.

వెర్నన్ కళ్ళు మూసుకున్నాడు. ఈ పిలుపు కోసమే ఆయన వారం వారం పిట్స్‌బర్గ్ జట్టు వాటా తీసుకుంటున్నాడు. కార్డుల గొడవ ఆయనకి ఒక్క ముక్క పట్టదు. ఈరీ వాళ్ళ ఊరు. నోలన్ ఆయన కొడుకు, ఒక్కగానొక్క కొడుకు. పోయినేడాది జనవరిలో పని నుంచి ఇంటికొస్తుంటే, రోడ్డు మీద కంటికి కనపడని మంచుపొర మీద కారు జారింది. ఆస్పత్రికి తీసుకెళ్ళే అవసరం కూడా లేకపోయింది.

కర్మకాండలన్నీ అయ్యాక, ఒకరోజు నోలన్ ఫోను వెలిగింది. 'నోలనూ, ఈ వారం కూడా పిట్స్‌బర్గ్ నీదే కదా? ఇంకెవరికీ ఇవ్వనా?' అని వెండెల్ అడుగుతున్నాడు. వాడు చనిపోయాడు బాబూ అని రాద్దామనే వెర్నన్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. వేళ్ళు మాత్రం 'అవును, నాదే' అని రాశాయి. అంతే, ఆ ఆదివారం తన కొడుకుని ఎవరో బతికున్న మనిషిని పిలిచినట్టు పిలవడం విన్నాడు. ఇంక మానలేకపోయాడు.

ఇంట్లో ఆ పేరు వినపడదు. వెర్నన్ అనడు, డోరీన్ అనదు. అంటే ఆమె కుప్పకూలిపోతుందని ఆయన భయం.

"ఒరే ఒరే ఒరే! అందరూ ఆగండి!" వెండెల్ ఒక్కసారిగా కుర్చీలోంచి లేచాడు. "పిట్స్‌బర్గ్‌కి ఎడమచేత్తో బంతి విసిరే పిచ్చర్! సంతకంతో! ప్రపంచం మొత్తానికి ఇది ఒక్కటే కార్డు! ఒరే నోలనూ, నీ పంట పండిందిరా!"

తెర మీద మాటలు వరదలా వచ్చాయి. ఎవరెవరో, ఎక్కడెక్కడివాళ్ళో, తన కొడుక్కి అభినందనలు చెబుతున్నారు. నెబ్రాస్కాలో ఉండే పెగ్ అనే పెద్దావిడ, 'ఏడుస్తున్నావా బాబూ?' అని రాసింది. 'అవునండీ' అని రాశాడు వెర్నన్. ఆ పేరు మీద ఆయన రాసిన మాటల్లో నిజం అదొక్కటే.

"ఇట్లాంటిది పోస్టులో వెయ్యను, చేతికే ఇస్తా. మా కొట్టు పద్ధతి తెలుసుగా," అన్నాడు వెండెల్.

'వద్దు, పోస్టులోనే పంపు' అని వెర్నన్ గాభరాగా కొట్టాడు. వెండెల్ అది పైకి చదివి నవ్వాడు. "చూడండి వీడి మొహమాటం!"

ఆ వారమంతా వెర్నన్ వీధి వైపు చూస్తూనే ఉన్నాడు. శనివారం పొద్దున్న బజారుకని హాల్లో బూట్లు వేసుకుంటుంటే తలుపు చప్పుడైంది. డోరీన్ చేతులు తుడుచుకుంటూ వెళ్ళి తీసింది.

"నోలన్ ఉన్నాడాండీ?"

ఆ గొంతు వినగానే వెర్నన్ చేతిలో బూటు జారిపోయింది.

"ఎవరు నాయనా నువ్వు?" అంది డోరీన్.

"వెండెల్‌నమ్మా, టొలీడో నుంచి. మీరు వాళ్ళమ్మగారా? చెప్పకుండా వచ్చి హడలగొడదామని చీకటితో బయల్దేరాను. వాడికి బ్రహ్మాండమైన కార్డు పడిందమ్మా. మొన్న ఆదివారం ఏడ్చేశాట్ట పిచ్చివాడు!"

"మొన్న ఆదివారమా? మొన్న మాట్లాడాడా? మా నోలనా?"

వెర్నన్ ఆమె మొహం చూశాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె కళ్ళలో ఆశ మెరిసింది. కొడుకుని తన చేతులతో సాగనంపిన తల్లి, తలుపు దగ్గర నిలబడి, ఎక్కడో పొరపాటు జరిగిందేమో అనుకుంది. అది చూశాక ఆయన ఇంక దాచలేకపోయాడు.

"నేనే డోరీన్. వాడి పేరుతో మాట్లాడింది నేను."

"నువ్వా?"

"నేనే."

వెండెల్ ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. "మీరంటే? మరి నోలనెక్కడ?"

"పోయినేడాది జనవరిలో పోయాడు బాబూ," అంది డోరీన్. చాలా మామూలుగా అంది. వెండెల్ టోపీ తీసి గోడకి ఆనుకున్నాడు.

ఆమె భర్త వైపు తిరిగింది. "దేనికి వెర్న్? జూదం ఆడాలనుంటే నీ పేరుతో ఆడొచ్చుగా. చచ్చిపోయిన బిడ్డ పేరే కావలసొచ్చిందా?"

"జూదం కాదే. వీడు... వీడు పిలుస్తాడు. గట్టిగా పేరు పెట్టి పిలుస్తాడు. అది వినడానికి."

డోరీన్ చేతిలో తువ్వాలు బల్ల మీదికి విసిరింది.

"వాడు పోయాక వచ్చిన థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల దగ్గర నేనేమన్నాను? 'నోలన్ ఉంటే ఈ టర్కీకోడి కాలు నాదే అనేవాడు' అన్నాను. అంతే కదా? నువ్వు పళ్ళెం వదిలేసి లేచిపోయావు. చుట్టాలందరి ముందు! ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకున్నాను. ఈ మనిషి తట్టుకోలేడు అనుకున్నాను. స్మశానానికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులన్నావు. ఒక్కదాన్నే పోయి, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, వాడి పేరు పైకి అనుకుని వచ్చేదాన్ని. దొంగతనం చేసినట్టు! ఆ ఒక్క మాటకి మొహం వాచిపోయి నేనిక్కడ చస్తుంటే, నువ్వు గ్యారేజీలో కూర్చుని కడుపునిండా వింటున్నావన్నమాట. ఒక్కడివే!"

వెర్నన్ ఇన్నాళ్ళూ ఆమెని కాపాడుతున్నాననుకున్నాడు. ఆమె కూడా సరిగ్గా అదే అనుకుంటూ తనని కాపాడింది. ఇద్దరూ కలిసి ఆ ఇంట్లో కొడుకుని రెండోసారి పోగొట్టుకున్నారు.

"నాకు అనుమానం రావలసిందమ్మా," అన్నాడు వెండెల్ మెల్లగా. అప్పుడు చూశారు వాళ్ళు, అతను ఏడుస్తున్నాడు. "వాడు ఎంత వాగేవాడో మీకు తెలీదు. ఎవరికైనా పనికిరాని జట్టు పడితే, నావాటిలోంచి ఓ మంచి కార్డు వాళ్ళకి పడెయ్యి అనేవాడు. ఒకసారి పెగ్ మనవడికి అట్లాగే పంపించాడు. పోయినేడాది ఫిబ్రవరి నుంచీ మనిషే మారిపోయాడు. అవును, సరే, థాంక్స్, అంతే. ఏదో పెద్ద దిగుల్లో ఉన్నాడు, గుచ్చి గుచ్చి అడక్కండి అంది పెగ్. అడగలేదు. మేమున్నామని తెలియాలని పేరు మాత్రం ఇంకా గట్టిగా పిలిచేవాణ్ణి."

వెర్నన్ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. మొహం కూడా ఎరగని మనుషులు తెర అవతల నుంచి తన దుఃఖం కనిపెట్టారు. ముప్ఫై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషికి మాత్రం తను దాన్ని చూడనివ్వలేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

డోరీన్ ఆయన దగ్గరికి వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడిపోయిన వెండెల్ దగ్గరికి వెళ్ళింది. తన కొడుకు అతనికి ఈ పూటే చనిపోయాడని ఆమెకి తోచింది.

"లోపలికి రా నాయనా. కాఫీ పెడతాను. కూర్చుని అన్నీ చెప్పు. వాడు మీతో ఏమేం వాగేవాడో అన్నీ కావాలి నాకు."

వెండెల్ చాలాసేపు చెప్పాడు. ఆ కార్డు బల్ల మీద పెడితే ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మధ్యలో ఒకసారి డోరీన్ నవ్వింది కూడా, ఆ వెంటనే చటుక్కున లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది.

"రేపు బ్రేక్‌లో ఏం చెప్పమంటారు వాళ్ళకి?" అని అడిగాడు వెండెల్.

"ఉన్నది చెప్పు," అంది డోరీన్.

"చెబితే ఇంకెవరు పిలుస్తారే వాణ్ణి?" అన్నాడు వెర్నన్. ఆ మాటలో ఉన్న భయానికి వెండెల్ తల దించుకున్నాడు.

డోరీన్ వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. కోపం ఇంకా పోలేదు. అయినా ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"మనం పిలుద్దాం. వాడికి ఆ పేరు పెట్టిందే మనం. ఏదీ, అను."

"నావల్ల కాదే."

"నేనున్నాగా. లేచి వెళ్ళిపోకు, అంతే. అను వెర్న్."

వెర్నన్ నోరు తెరిచాడు. ఆమె వేళ్ళు గట్టిగా పట్టుకున్నాడు.

"నోలన్," అన్నాడు.

డోరీన్ కళ్ళు మూసుకుని ఆ మాట విన్నది. ఏడుస్తూనే తల ఊపింది.

"ఇంకోసారి," అంది.