తెర మీది కటకటాలు

మిట్టమధ్యాహ్నం! మనిషి నీడ మనిషి కాళ్ళ కిందికే ముడుచుకుపోయే వేళ... దిక్కులేని ప్రేతాత్మలు దాహంతో నాలుక చాచుకుని వీధుల వెంట తిరిగే వేళ!

ఆ వేళ ఆకాశం ఉన్నట్టుండి కాటుకలా నల్లబడింది. మేఘాలు మదపుటేనుగుల్లా ఘీంకరించాయి. ఫెళఫెళమంటూ ఎక్కడో పిడుగు పడింది. పట్టపగలే రాత్రయిందనుకుందో ఏమో, ఎదురింటి చూరులోంచి ఒక గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది...

అదేమీ పట్టించుకునే ఓపిక పొగమ్మకు లేదు. చంటిదానికి పళ్ళొస్తున్నాయి. రాత్రి ఏడుస్తుంది, పగలు ఏడుస్తుంది, పాలు తాగుతూ కూడా మూలుగుతుంది. కంటి నిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. వీధిలో అందరూ ఆమెను పొగమ్మ అంటారు. ఎప్పుడు చూసినా టంకం పొగ మధ్యే కూర్చుని ఉంటుంది మరి! నాణెం వేస్తే ఆడే పాతకాలపు గేము పెట్టెలు ఉంటాయి కదా, వాటి కడుపులో ఉండే బోర్డులు బాగుచేయడం ఆమె పని. తెర మీద బొమ్మలు చెదిరినా, రంగులు తారుమారైనా ఆ బోర్డు ఆమె బల్ల మీదికి రావలసిందే. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. పెనిమిటి సరుకుల లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇంట్లో ఉన్నది ఆమె, బిడ్డ, అత్తగారు.

గుడ్లగూబ రెండోసారి కూసినప్పుడు గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

వీధి చివర ఆటల హాలు నడిపే ఆసామి. అంతా హాలాయన అంటారు. చింతనిప్పుల్లాంటి కళ్ళు, జడలు కట్టిన గడ్డం, భుజాన బరువుగా వేలాడే ఒక తోలుసంచి! ఆయన హాల్లో అడుగుపెట్టినవాళ్ళు ఇల్లూ వాకిలీ మరిచిపోయి అక్కడే పడి ఉంటారనీ, అందులో ఏదో మాయ ఉందనీ జనం చెవులు కొరుక్కునేవారు. నల్లగుడ్డలో చుట్టిన బోర్డును బల్ల మీద పెట్టాడు.

"దీని సంగతి చూడు. ఇప్పుడే... నా కళ్ళ ముందరే!"

ఆమె ఆవులింత ఆపుకుంటూ బోర్డును పరీక్షల తెరకు తగిలించి మీట నొక్కింది.

తెర వెలిగింది... దాని నిండా నిలువుగీతలు! కారాగారపు కటకటాల్లా, పైనుంచి కిందికి, నల్లగా! ఆ గీతల వెనక, ఆటలో ఉండకూడని ఒక ఆకారం... జుట్టు విరబోసుకున్న ఒక స్త్రీ! చుక్కలు చుక్కలుగా అల్లుకున్న ముఖం... రెండు చేతులతో ఆ గీతలను పట్టుకుని నిలబడి ఉంది!

"గీతల జోలికి పోకు. వెనకాల ఆ ఆడమనిషి కనిపిస్తోంది చూడు, దాన్ని తీసెయ్. అంతే!" అన్నాడు హాలాయన.

"గీతలు తీయమన్నవాళ్ళను చూశాగానీ ఉంచమన్నవాళ్ళను ఇదే చూడ్డమండీ," అంది ఆమె నీరసంగా.

బిడ్డను చంకనేసుకుని వచ్చిన అత్తగారు తెర వంక తొంగిచూసింది. "గీతల చీరనుకుని మోజుపడ్డాడేమోలే అమ్మాయ్! మనకెందుకు, ఉంచెయ్. దీని ఏడుపుకి నా చెవులు చిల్లులు పడుతున్నాయి, తొందరగా కానియ్."

ఆమె వంగి బోర్డు చూసింది. తెర మీద కనిపించే ప్రతి బొమ్మా ముందుగా ఒక వరుస మెమరీ చిప్పుల్లో అచ్చుపడుతుంది. వాటిలో ఏ ఒక్కటి మూగబోయినా, దాని వంతు చుక్కలన్నీ నిలువునా చచ్చి ఇలాగే గీతలవుతాయి. పరీక్షపుల్లతో ఒక్కొక్క చిప్పు కాలినీ తాకుతూ వచ్చింది. పుల్ల చివరి దీపం మినుకుమినుకుమంటూ... మినుకుమినుకుమంటూ... ఒకచోట ఆగిపోయింది. ఆ చిప్పును వేలితో ముట్టుకుంది. మంచుముద్ద! కరెంటు పారుతున్న చిప్పు వెచ్చగా ఉండాలి గాని, శవం నుదురులా ఇంత చల్లగానా? దాని కాళ్ళ సందుల్లో ఒక పొడవాటి నెరసిన వెంట్రుక చుట్టి ఉంది...

ఆమె చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది.

"గీతలూ ఆ బొమ్మా ఒక్క చిప్పు రోగమేనండీ. ఇది పూర్తిగా చావలేదు, ఉండుండి బతుకుతోంది. గీతలు పలచబడే కొద్దీ వెనకున్నది బయటపడుతోంది. చిప్పు మార్చానంటే రెండూ పోతాయి."

"గీతలు పోకూడదు!!"

ఆ అరుపుకు కొట్లో దీపం రెపరెపలాడింది. హాలాయన సంచిలో చెయ్యి పెట్టి పైకి తీశాడు... కపాలం! పసుపుపచ్చగా మాగిన మనిషి పుర్రె! దాన్ని బల్ల మీద నిలిపి, తన వేలు తానే కొరికి, నెత్తురు ధార పుర్రె నుదుట పోశాడు. అర్థంకాని బీజాక్షరాలు అతని నోట బుసలు కొట్టాయి. పిడుగు మీద పిడుగు! గుడ్లగూబ ఆగకుండా కూస్తోంది...

"పలచబడ్డ కటకటాలకు కొత్త ప్రాణం పోస్తాను! లేతప్రాణం!"

చంటిదాని ఏడుపు సగంలో తెగిపోయింది.

ఒక్క క్షణం... ఒకే ఒక్క క్షణం ఆ నిశ్శబ్దం ఆమెకు హాయిగా అనిపించింది. మరుక్షణం గిరుక్కున వెనక్కి తిరిగింది! అత్తగారి చేతుల్లో బిడ్డ తడిగుడ్డలా వేలాడుతోంది. తెర మీద, ఆ స్త్రీ పాదాల దగ్గర, చుక్కలతో అల్లిన ఒక పసిరూపం పాకుతోంది. గీతలు చిక్కబడుతున్నాయి...

"నా బిడ్డ!!" అంటూ ఆమె చిప్పును పెకలించడానికి పటకారు అందుకుంది.

"పీకు! పీకి చూడు!" హాలాయన వికటాట్టహాసం చేశాడు. "నీ కూతురి ప్రాణం ఇప్పుడు దాని లోపలే ఉంది. చిప్పుతోపాటే బూడిద!"

పటకారు చేతిలో ఆగిపోయింది.

అప్పుడు అత్తగారి ఒళ్ళు ఊగిపోయింది. బిడ్డను జాగ్రత్తగా చాప మీద పడుకోబెట్టి లేచి నిలబడింది. కళ్ళు తెల్లగా తిరగబడ్డాయి. ఆమె నోట వచ్చిన గొంతు ఆమెది కాదు... ఎన్నో ఏళ్ళుగా నిద్రలేని, అలిసిపోయిన గొంతు!

"తల్లీ... వాడు నా తమ్ముడు. అమ్మ పోతే నేనే ఎత్తుకుని పెంచా. శక్తులు కావాలని... అన్నం పెడుతున్న నా తల నరికాడు. ఆ పుర్రె నాది. నన్నిందులో కట్టేసి ఆ హాలు నడుపుకుంటున్నాడు. ఇల్లు కూల్చకమ్మా... నీ పిల్లా నేనూ లోపలున్నాం. తలుపొక్కటి తియ్యి."

"నోర్ముయ్యవే ముసలిదానా!" హాలాయన గావుకేక పెట్టాడు.

కూల్చకుండా తలుపు తీయడం! ఆమె అలిసిన బుర్రలో మెరుపు మెరిసింది. చెడిందనుకున్న చిప్పును ముందే పీకేయరు. దాని వీపు మీద అదే రకం మంచి చిప్పును, కాలికి కాలు ఆనేలా కూర్చోబెట్టి చూస్తారు. కిందిది మూగదైనా పైది బదులు పలుకుతుంది. ఆమెకీ పని నేర్పి పోయిన మామగారు దానికి 'చంకెక్కించడం' అని పేరు పెట్టారు.

బల్ల పక్కన పడున్న ఒక డొక్కు బోర్డు మీంచి అదే రకం చిప్పు ఊడదీసి, చల్లబడ్డ చిప్పు మీద పెట్టి, బొటనవేలితో బలంగా అదిమింది.

తెర ఒక్కసారి కంపించింది. ఒక గీత... మాయమైంది!

"తియ్!! చెయ్యి తియ్!!" హాలాయన ఆమె జుట్టు పట్టి వెనక్కి ఈడ్చాడు. ఆమె వేలు కదల్లేదు. పైచిప్పు నిప్పుకణికలా కాగింది. చర్మం చుర్రుమంది, కమురుకంపు లేచింది. అయినా కదల్లేదు! రాత్రి తెల్లవార్లూ బిడ్డను మోస్తూ నిలబడిన చెయ్యి అది. నొప్పి దానికొక లెక్కా? గీత మీద గీత రాలిపోయింది... చివరి గీత కూడా రాలిపోయింది!

చాప మీద చంటిది కెవ్వున ఏడ్చింది.

తెర వెలుగులోంచి ఒక ముసలి స్త్రీ బల్ల దిగి వచ్చింది. ఆమె ముఖాన కోపం లేదు, కోరలు లేవు. ఉన్నదంతా అలసట.

"అక్కా... వద్దక్కా... నన్ను ముట్టుకోకు! కపాలమా, అడ్డుపడు! అడ్డు..."

కపాలం పగిలి పిడికెడు బూడిదైంది. హాలాయన మంత్రాలు గొంతులోనే గడ్డకట్టాయి. అక్క వచ్చి, చిన్నపిల్లాణ్ణి పట్టుకున్నట్టు తమ్ముడి మణికట్టు పట్టుకుంది.

"చాల్లేరా ఆటలు. పద."

అతను గింజుకున్నాడు, నేలను గోళ్ళతో రక్కాడు, రక్తం కక్కుకుంటూ మొత్తుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఒక్కొక్క అడుగుకూ అతని శరీరం చుక్కలు చుక్కలుగా విడిపోతూ వచ్చింది... వేళ్ళు, గడ్డం, కళ్ళు... చివరికి ఆ అరుపు! ఇద్దరూ వెలుగులోకి వెళ్ళిపోయారు. భళ్ళుమని చప్పుడైంది. తెర చల్లారిపోయింది.

ఎప్పుడు కూలబడిందో, అత్తగారు కళ్ళు నులుముకుంటూ నేల మీంచి లేచి కూర్చుంది.

"ఏమేవ్... ఆ ముదనష్టపాయన ఏడీ?"

కాలిన వేలు నోట్లో పెట్టుకుని, బిడ్డను గుండెకు కరుచుకుని, ఆమె గోడకు చేరగిలబడింది.

"వాళ్ళక్కొచ్చి తీసుకెళ్ళింది అత్తయ్యా."

"పోనీలే," అంది అత్తగారు. "ఇన్నాళ్ళకు వాడికొకరు బుద్ధి చెప్పారు."

బయట వాన మొదలైంది. ఎవరో బోర్డు తెచ్చి చాలాసేపు కొట్టు తలుపు తట్టారు. లోపల ఒకే చాప మీద ముగ్గురూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు.